రక్తమునకు రంగు లేల?

మొన్నటి రాత్రి మా వంటయింట చీపురుదెబ్బకు బొద్దింక యొకటి చచ్చెను. దాని దేహమునుండి తెల్లని ద్రవము వెడలెను. మా చిన్నమ్మాయి వంగి చూచి, "అమ్మా, దీనికి నెత్తురే లేదు. నెత్తురు లేనిదానికి నొప్పి యుండదు గదా!" అనెను. ఇంతలో చేతిపై వ్రాలిన దోమను కొట్టగా ఎఱ్ఱని మరక పడెను. "మరి దీనికున్నదే!" యని ఆశ్చర్యపడెను. మేమప్పటికి ఊరకుంటిమి గాని, మరునాడు మా వారి పుస్తకములు తిరుగవేసి తెలిసికొన్నది మీకు విన్నవించుచున్నాము.

దోమకడుపులోని ఎఱుపు దాని సొమ్ము కాదు, మన నెత్తురే. బొద్దింకకును రక్తము కలదు. దానికి రంగు మాత్రము లేదు. ప్రాణవాయువును మోయుట మన రక్తము చేయు ముఖ్యకార్యము. ఆ మోత మోయు పదార్థమే రంగు నిచ్చును. పురుగుల దేహమున సన్నని గొట్టములు వ్యాపించి గాలిని నేరుగా అవయవములకు చేర్చును. కావున వాని రక్తమునకు ఆ మోతయు లేదు, ఆ రంగును లేదు.

మనకును, ఆవునకును, పిచ్చుకకును, పామునకును ఈ పని చేయునది హిమోగ్లోబిన్. అందు ఇనుము కలదు. అందుచే రక్తము ఎఱ్ఱన. వానపామునకును అట్టి ఎఱుపే కలదు గాని, అది కణములలో గాక ద్రవముననే కరగియుండును. పీత, రొయ్య, తేలు మొదలగువానికి ఇనుమునకు బదులు రాగి గల హిమోసయనిన్ ఉండును. ప్రాణవాయువు సోకినపుడు అది నీలమగును. విడిచినపుడు వన్నె తరుగును. కొన్ని సముద్రపు పురుగులకు ఇనుమే యున్నను రక్తము పచ్చన. లోహ మొక్కటే యైనను, దానిని పొదివికొన్న పదార్థము వేఱైనచో రంగు మాఱును. దక్షిణధ్రువపు సముద్రములలోని మంచుచేపలకు హిమోగ్లోబినే లేదని 1954లో రూడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. అతిశీతలజలమున ప్రాణవాయువు మెండుగా కరగియుండుటచే అవి రంగులేని రక్తముతోడనే బ్రతుకుచున్నవి.

శుద్ధరక్తము ఇంద్రగోపపు వన్నె గలదని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. మన మారుద్రపురుగు అనునది అదియే. రసధాతువునకు ఆ రంగు నిచ్చునది రంజకపిత్తమని పూర్వుల మతము. ఎఱ్ఱకణములు ఎముకలలోని మూలుగలో పుట్టునని నేటి శాస్త్రము తేల్చినది.

మంచుచేపకు చెల్లినది మనకు చెల్లదు. ఇనుము చాలనిచో మనకు ఎఱ్ఱకణములును చాలవు. నిరుడు మా తోడికోడలు నాలుగు మెట్లెక్కిన ఆయాసపడుచుండెను. బిందె దించి గోడకానుకొనుచుండెను. సోమరితన మని మేమే పలుమారులు గొణిగితిమి. తుదకు పరీక్షింపగా హిమోగ్లోబిన్ 8 గ్రాములే! స్త్రీలకది 12కు తగ్గరాదు. గర్భిణులకు 11కు తగ్గరాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. అందఱికిని వడ్డించి, అడుగంటినది తిని లేచు అలవాటు మన యిండ్లలో ఎంత పాతదో మీ రెఱుగనిది కాదు.

తోటకూర, పప్పులు, నువ్వులు తినవలెను. అన్నములో నిమ్మరసము పిండికొన్నచో వానిలోని ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనము కాగానే కాఫీ, తేనీరు త్రాగరాదు. ఆయాసము, పాలిపోవుట కనబడిన వైద్యునిచే పరీక్షింపజేసికొని, ఆయన చెప్పిన మందు మానక పుచ్చుకొనవలెను. మా తోడికోడ లట్లే చేసి కోలుకొన్నది. ఇపుడు మే మిరువురమును ఒక్క పంక్తినే కూర్చుండి, కూర ఉండగనే భుజించుచున్నాము.

మా అమ్మాయికి మాత్రము ఇట్లు చెప్పితిమి: "తల్లీ, నొప్పి తెలియుట నరముల పని, నెత్తురు రంగుతో దానికి పని లేదు. ఎఱ్ఱగా కనబడలేదని బాధ లేదనుకొనకుము. మీ పిన్ని విషయమున మేమును అట్లే పొరబడితిమి."