దానియేలు భోజనం మీద ఇంత చిన్నచూపా?

సింహాల గుహలో దానియేలు కథ తెలియని సండేస్కూల్ పిల్లలు ఉండరు. బైబిల్లోని అదే దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో దానియేలు ఏం తిన్నాడో అడగండి, పెద్దలే తడబడతారు. నా బాధంతా దాని గురించే.

బబులోనుకు చెరపట్టుకుపోయిన నలుగురు యూదా యువకులు రాజు పంపే భోజనమూ ద్రాక్షారసమూ వద్దన్నారు. శాకాహారం, తాగడానికి నీళ్లు చాలన్నారు. తమ మీద ఉంచిన అధికారిని, పది రోజులు ఇదే పెట్టి, రాజభోజనం తినేవాళ్ల ముఖాలతో మా ముఖాలు పోల్చి చూడమని దానియేలే కోరాడు. పదో అధ్యాయంలో, వయసు మళ్లాక, మూడు వారాల పాటు మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు. నేటి 21 రోజుల దానియేలు ఉపవాసానికి ఆధారం ఈ రెండు చోట్లే.

అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. 43 మంది 21 రోజులు పళ్లు, కూరగాయలు, ముడిధాన్యాలు, పప్పులు, గింజలు కడుపునిండా తిన్నారు. మాంసం, పాలు, గుడ్లు, చక్కెర, మైదా, కాఫీ, మద్యం మానారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం వాళ్ల రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ తగ్గాయి. మంచి కొలెస్ట్రాల్ కూడా కొంత తగ్గింది. అది చిన్న అధ్యయనమే, నిజమే. కానీ జంతువుల కొవ్వు తగ్గి పీచు పెరిగితే కొలెస్ట్రాల్ దిగుతుందని వైద్యులందరికీ తెలుసు.

మరి మనం చేస్తున్నదేమిటి? ఉపవాస ప్రార్థన అని పొద్దంతా పస్తుండి, చివర్లో బిర్యానీ, కూల్‌డ్రింకుతో ముగిస్తాం. శ్రమల దినాల్లో మాంసం మానినవాళ్లం మైసూర్ బజ్జీ, పరోటాలతో ఆ లోటు పూడ్చుకుంటాం. దానియేలు తిన్న తిండినే ఏ కంపెనీయో 'ప్లాంట్ బేస్డ్ డైట్' అని డబ్బాలో పెట్టి అమ్మితే వందలు పోసి కొంటాం. సొంత గ్రంథంలో ఉన్నదానికి మాత్రం విలువ ఇవ్వం. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు ముట్టకుండా టెఫ్ అనే చిరుధాన్యపు పిండి రొట్టె, పప్పుకూరలతో తరతరాలుగా ఉపవాసం పాటిస్తున్నారు. వాళ్లకు చేతనైంది మనకెందుకు కాదు?

మన వంటింట్లో ఏం తక్కువ? జొన్నరొట్టె, గోంగూర పప్పు, రాగి సంగటి, వేరుసెనగ పచ్చడి, ఉలవచారు, ఉడికించిన సెనగలు, జామకాయ. ఇందులో ఒక్కటైనా కొత్తగా నేర్చుకోవాల్సిన వంట ఉందా?

అయ్యగార్లకు నా మనవి: ఒక్క ఆదివారం మొదటి అధ్యాయం చెప్పండి. స్త్రీల సమాజంలో ఈ వంటలు పెట్టించండి. ఉపవాసం మొదలయ్యే రోజూ, ముగిసే రోజూ అందరికీ బీపీ చూపించండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లను డాక్టరును అడిగాకే మొదలుపెట్టమనండి. మందులు మానేయడమే విశ్వాసమని ఎవరూ చెప్పకూడదు.

డాక్టర్లకూ ఒక మాట: ఉపవాసమనగానే మూఢత్వమని కొట్టిపారేయకండి. ఏం తింటున్నారో అడగండి, ఎలా తినాలో చెప్పండి. మీరు ఏళ్లుగా చెప్పినా వినని మనిషి, దేవుని కోసమైతే మూడు వారాలు నోరు కట్టుకుంటాడు. ఆ నిష్ఠను ఆరోగ్యానికి వాడుకోనివ్వండి.

వచ్చే శ్రమల దినాలకైనా మన మందిరాలు దానియేలు భోజనానికి దక్కాల్సిన చోటు ఇవ్వాలి.