నికాహ్‌కు ముందు ఒక్క రక్తపరీక్ష

పాతబస్తీలో సంబంధం కుదిరే వేళ ఇరువైపుల పెద్దలు ఖాన్‌దాన్ మొదలు వలీమా విందు వరకు అన్నీ విచారించుకుంటారు. వధూవరుల హిమోగ్లోబిన్ ఏ రకమైనదో మాత్రం ఎవరూ అడగరు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది పుట్టబోయే బిడ్డలే.

థలసేమియా మేజర్ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. శరీరంలో పేరుకునే ఇనుమును తొలగించే మందులు ఏళ్ల తరబడి వాడాలి. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఈ ప్రమాదం పెరుగుతుంది. మేనరికాలు తెలుగునేల అంతటా ఉన్నవే కనుక దీనిని ఒక్క మతానికి అంటగట్టడం అన్యాయం.

వికలాంగ ధ్రువపత్రాల దరఖాస్తులు రాయించుకోవడానికి మా వద్దకు వచ్చే తల్లులు చెప్పేది ఒకటే: “రక్తం తక్కువని మాత్రలిచ్చారు, ఈ పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు.” హెచ్‌పీఎల్‌సీ పరీక్ష హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపుతుంది. ఏ2 రకం 3.5 శాతం మించితే సాధారణంగా బీటా థలసేమియా వాహకత్వానికి సూచన. ఎస్ రకం కనబడితే సికిల్ సెల్ లక్షణం ఉన్నట్లు. ఇనుము లోపం ఏ2ను తగ్గించి చూపవచ్చు. ఇటీవల రక్తం ఎక్కించుకున్నా ఫలితం తారుమారవుతుంది. ఈ సంగతులు వైద్యునికి ముందే చెప్పాలి.

పెళ్లికి ముందు ఇటువంటి పరీక్షను ఇరాన్ 1997లో, సౌదీ అరేబియా 2004లో తప్పనిసరి చేశాయి. మన నగరంలో 1998 నుంచే థలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తున్నది. కేంద్రం 2023లో ప్రారంభించిన సికిల్ సెల్ మిషన్ దృష్టి ప్రధానంగా గిరిజన ప్రాంతాలపై ఉన్నది. అది అవసరమే. అయితే బస్తీల పేదలకూ ఈ హక్కు దక్కాలి. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలోనూ, బస్తీ దవాఖానాల ద్వారానూ ప్రతి గర్భిణికి తొలి నెలల్లోనే ఈ పరీక్ష ఉచితంగా జరగాలని, ఆమె వాహకురాలైతే భర్తకూ చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము.

థలసేమియా, సికిల్ సెల్ వ్యాధులు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేరినవి. బాధిత కుటుంబాలు ధ్రువపత్రం తప్పక పొందాలి.

పెద్దలకు ఒక్క మాట. వాహకత్వం జబ్బు కాదు, ఐబు అంతకన్నా కాదు. అమ్మాయికి మాత్రమే పరీక్ష చేయించి సంబంధం తెంచుకోవడం జులుం. ఇద్దరికీ చేయించండి, ఫలితాన్ని గోప్యంగా ఉంచండి. ఖాజీలు, ఇమాములు జుమా ప్రసంగంలో ఈ మాట చెబితే రేపటి బిడ్డలకు మేలు చేసినవారవుతారు.