చెన్నపట్నం ఎవరి పేరు?

అయ్యా,

ఏటేటా ఆగస్టు 22న ఈ నగరపు పుట్టినరోజు జరుపునప్పుడెల్ల పేరు తగవు తిరిగి లేచుచున్నది. నాలుగు తరములుగా ఇక్కడనే కాపురమున్న కుటుంబపువాడను గనుక నాకు తోచినది మనవి చేయుచున్నాను.

1639లో ఈ తీరపు భూమిని ఆంగ్ల కంపెనీకిచ్చినవాడు చంద్రగిరి రాయల సామంతుడైన దామెర్ల వేంకటాద్రి నాయకుడు. కొత్త ఊరికి తన తండ్రి చెన్నప్ప పేరుండవలెనని కోరెననియు, అందుచేత చెన్నపట్నమైనదనియు పెక్కుమంది చరిత్రకారుల మాట. కాదు, చెన్నకేశవ పెరుమాళ్ పేరే అని మరికొందరందురు. ఇప్పటి హైకోర్టున్న చోట ఉండిన ఆ పాత గుడిని కంపెనీవారు 1757లో పడగొట్టిరి. దానిని కట్టించినవాడు కంపెనీ దుబాసీ బేరి తిమ్మప్ప అనియే ప్రతీతి. అట్లయినచో గుడి ఊరికంటె చిన్నది. ఊరి పేరు దేవునికి వచ్చియుండును గాని, దేవుని పేరు ఊరికెట్లు వచ్చును?

మరొక విశేషము. 1645లో శ్రీరంగరాయలు తన పట్టాలో ఈ ఊరిని తన పేరిట శ్రీరంగరాయపట్నమన్నాడు. రాజు పెట్టిన పేరు నిలువలేదు, సామంతుని తండ్రి పేరు జనుల నోట నిలిచినది.

మదరాసు మాట ఇంకను చిక్కు. పోర్చుగీసు కుటుంబము పేరని ఒకరు, మదరసా అని ఒకరు. అది పరాయి పేరను భావముతో 1996లో చెన్నై అని మార్చిరి. తీసివేసినది ఎవరి పేరో నేటికిని తేలలేదు. పెట్టినది మాత్రము తెలుగు నాయకుని పేరు!

అంతమాత్రాన మనవారు కొందరు చెన్నప్పను చూపి ‘ఊరు మనదే’ అనుట నాకు నచ్చదు. ఆ వాదము 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడుటతో తీరినది. పేరు దస్తావేజు కాదు. అయినను దాచవలసిన సంగతియు కాదు. చెన్నప్ప, చెన్నకేశవుల కథలు రెండును బడి పుస్తకములలో ఉండవలెను.

మన ఇండ్లలోని వావిళ్లవారి పాత పుస్తకముల ముఖపత్రముపై ‘చెన్నపురి’ అని అచ్చయి యుండును. పిల్లలకు తెలుగు చదువ రాలేదని వానిని కాగితాల కొట్టుకు తూకమునకు వేయుచున్నారు. దయచేసి ఆ పని మానుడు. ఆ నాలుగక్షరములైన వారిచేత చదివింపుడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జార్జిటౌను, చెన్నపట్నం