గాలివాన వెలిశాక పేరు పెట్టి పిలిచేదెవరు?

తుఫాను దాటిపోయిన మర్నాడు ప్రభుత్వాలు లెక్కలు చెబుతాయి. ఎన్ని స్తంభాలు ఒరిగాయి, ఎన్ని రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి, ఎన్ని ఇళ్లు చీకట్లో ఉన్నాయి. 2022 సెప్టెంబరు 24 తెల్లవారుజామున ఫియోనా తుఫాను కెనడా తూర్పు తీరాన్ని తాకినప్పుడు, మా నోవా స్కోషియాలో 4 లక్షలకు పైగా కరెంటు కనెక్షన్లు పోయాయని అలాగే చెప్పారు. ఆ లెక్కలు కావలసినవే, అవి లేకుండా సాయం కదలదు. కానీ కనెక్షన్ల లెక్కలో మనుషులు కనబడరు. నిన్న సాయంత్రం దాకా మాట్లాడిన ఫలానా పెద్దాయన ఈ పొద్దున ఎందుకు పలకలేదన్న ప్రశ్న ఏ కంట్రోల్ రూములోనూ పుట్టదు. ఆయన రోజూ పలుకుతాడని తెలిసినవాళ్లకే పుడుతుంది.

ఆ పొద్దున ఆ ప్రశ్న అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. హాలిఫాక్స్ పక్కన డార్ట్‌మత్‌లో ఉంటాను. నాకున్న వ్యాపకం హామ్ రేడియో. పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి కాల్ సైన్ తీసుకుని, సొంత సెట్టుతో, సొంతంగా కట్టుకున్న తీగతో ఊళ్లకూ దేశాలకూ మాట్లాడుకోవడం. ఇందులో డబ్బు తీసుకోకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు, రహస్య భాష వాడకూడదు. ఎవరైనా వినొచ్చు. మామూలు రోజుల్లో మేం మాట్లాడుకునేవి వాతావరణం, మోకాళ్ల నొప్పులు, కొత్తగా కట్టిన యాంటెన్నా, పోయిన ఏడాది వేసిన బంగాళాదుంపలు. బయటివాళ్లకు అది ఉబుసుపోక కబుర్లలా అనిపించవచ్చు. ఫియోనా తర్వాత మనుషుల జాడ తెలిపింది ఆ కబుర్లే.

ఫియోనా మామూలు గాలివాన కాదు. నోవా స్కోషియా తీరంలోని హార్ట్ ఐలండ్ దగ్గర వాతావరణ పీడనం 932.7 మిల్లీబార్లకు పడిపోయింది. కెనడాలో నేలను తాకిన ఏ తుఫానులోనూ అంత తక్కువ పీడనం నమోదు కాలేదు. అరిసెగ్‌లో గాలి గంటకు 179 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ దాదాపు మొత్తం చీకటైంది. న్యూఫౌండ్‌లాండ్‌లోని పోర్ట్ ఓ బాస్క్‌లో ఇళ్లకు ఇళ్లే సముద్రంలోకి జారిపోయాయి, ఒక మహిళను అల లాక్కుపోయింది. సెప్టెంబరులో చెట్లు ఇంకా ఆకు మీదే ఉంటాయి. నిండుగా ఆకులున్న చెట్టు గాలికి అడ్డం నిలుస్తుంది, వేళ్లతో సహా లేస్తుంది. అందుకే అన్ని చెట్లు కూలాయి, అందుకే కొన్ని ఇళ్లకు రెండు వారాలు దాటాక గాని కరెంటు రాలేదు.

కరెంటు వెంటే ఫోన్లూ పోయాయి. సెల్ టవరుకు బ్యాటరీ ఉంటుంది, కానీ అది గంటల లెక్కే. జనరేటరు ఉన్నచోట డీజిలు పోయాలి. డీజిలు బండి వెళ్లాలంటే రోడ్డు మీద చెట్లు తీయాలి. టవరు నిలబడ్డా దానికి ప్రాణమైన ఫైబర్ తీగ కూలిన స్తంభాల మీదే వేలాడుతూ ఉంటుంది. కొన్నిచోట్ల అత్యవసర నంబరు 911కి కూడా ఫోన్ కలవలేదు. నోవా స్కోషియా ప్రీమియర్ టిమ్ హ్యూస్టన్ టెలికాం కంపెనీలు ఇలాంటి సమయంలో జవాబుదారీగా లేవని బహిరంగంగానే తప్పుపట్టారు. దానికి రెండున్నర నెలల ముందు, జులై 8న, ఏ గాలీ వానా లేకుండానే రోజర్స్ టెలికాం కంపెనీ నెట్‌వర్క్ దేశమంతా కుప్పకూలింది. కోటి మందికి పైగా ఫోన్లు, ఇంటర్నెట్ పోయాయి, దుకాణాల్లో కార్డులు పనిచేయలేదు. చేతిలో ఫోన్ ఉంటే చాలనుకోవడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క ఏడాది రెండుసార్లు చూశాం.

మా పద్ధతిలో మధ్యన టవరు అక్కర్లేదు. 80 మీటర్ల బ్యాండ్‌కు గాని, 40 మీటర్ల బ్యాండ్‌కు గాని సరిపడా రాగి తీగను రెండు చెట్ల మధ్య ఎక్కువ ఎత్తు లేకుండా కడితే, రేడియో తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి అయనోస్ఫియర్ నుంచి మళ్లీ కిందికే వస్తుంది. చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర వినబడుతుంది. డార్ట్‌మత్ నుంచి కేప్ బ్రెటన్‌కు అది చాలు. సెట్టుకు కావలసింది 12 వోల్టులు, కారు బ్యాటరీతో నడుస్తుంది. దగ్గరి ఊళ్లకైతే కొండల మీద మా క్లబ్బులవాళ్లు పెట్టిన రిపీటర్లు ఉన్నాయి, అవి మా మాటను అందుకుని మళ్లీ ప్రసారం చేస్తాయి. డార్ట్‌మత్‌లోని కెనడియన్ హరికేన్ సెంటర్‌లోనే వీఈ1సీహెచ్‌సీ అనే హామ్ స్టేషన్ ఉంది. వాలంటీర్లు దాన్ని నడుపుతూ తీరంలోని హామ్‌ల దగ్గర గాలి, పీడనం వివరాలు తీసుకుని వాతావరణ నిపుణులకు అందిస్తుంటారు. అమెరికాలో 1965లో బెట్సీ తుఫానప్పుడు మొదలైన హరికేన్ వాచ్ నెట్ కూడా ఇదే పని చేస్తోంది, 14.325 మెగాహెర్ట్జ్ మీద.

అయితే పరికరం గురించి చెప్పడం కన్నా పద్ధతి గురించి చెప్పడం నాకు ముఖ్యం. మేం దాన్ని నెట్ అంటాం. ఒక సమయం, ఒక ఫ్రీక్వెన్సీ ముందే అనుకుని ఉంటాం. ఒకరు నెట్ కంట్రోల్. ఆయన ముందు కాగితం మీద కాల్ సైన్ల జాబితా ఉంటుంది. బళ్లో పంతులుగారు హాజరు వేసినట్టు ఒక్కొక్కరినీ పిలుస్తాడు. పలికినవాళ్లకు ఒక గుర్తు. పలకనివాళ్లను చివర్లో మళ్లీ పిలుస్తాడు. అప్పటికీ పలకకపోతే, “ఆయనకు దగ్గర్లో ఎవరున్నారు?” అని అడుగుతాడు. ఇంతే. అందరూ ఒకేసారి మాట్లాడరు, పుకారు చెప్పరు, తెలిసింది మాత్రమే చెబుతారు. పిలిచేవరకూ వింటూ కూర్చోవడం అన్నిటికన్నా కష్టమైన పని, అన్నిటికన్నా విలువైనదీ అదే.

ఆ శనివారం మా జాబితాలో ఒక పెద్దాయన పలకలేదు. భార్య పోయాక ఒంటరిగా ఉంటాడు, ఊరికి దూరంగా, స్ప్రూస్ చెట్ల మధ్య. ఏ పొద్దునా నెట్ తప్పడు. ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గిందనీ, ఎడమ చెయ్యి సరిగా లేవదనీ, పిల్లలు అల్బర్టాలో ఉన్నారనీ మాకందరికీ తెలుసు, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆ కబుర్లే విన్నాం. దగ్గర్లో ఉన్న ఒకాయన చెట్లు కోసే రంపం తీసుకుని బయల్దేరాడు. దారిపొడవునా చెట్లు కోసుకుంటూ వెళ్లి చూస్తే, ఇంటి ముందు చెట్టు వాకిలికి అడ్డంగా పడి ఉంది, దాంతోపాటే యాంటెన్నా తెగింది. పెద్దాయన లోపల క్షేమంగానే ఉన్నాడు, కానీ మందులు అయిపోవచ్చాయి, తలుపు తోసే బలం ఆ చేతికి లేదు. ఆయన పేరు ఏ ప్రభుత్వ జాబితాలోనూ ప్రమాదంలో ఉన్న మనిషిగా లేదు. మా జాబితాలో మాత్రం రోజూ పలికే మనిషిగా ఉంది.

మనవాళ్ల సంగతికి వస్తాను. కేప్ బ్రెటన్‌లోని సిడ్నీలో యూనివర్సిటీ ఉంది. మన దేశం నుంచి వచ్చిన పిల్లలు అక్కడ చాలామంది చదువుతున్నారు, వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఫియోనా సిడ్నీని, గ్లేస్ బేని చాలా గట్టిగా కొట్టింది. అక్కడ ఎమర్జెన్సీ ప్రకటించి ఎవర్నీ రోడ్డెక్కవద్దన్నారు. మా వీధి చివర కాస్త సిగ్నల్ దొరికే చోట నిలబడగానే నా ఫోన్లో తెనాలి నుంచి ఒక తల్లి గొంతు వచ్చిపడింది. ఎవరో చెబితే ఎవరి దగ్గరో నా నంబరు తీసుకున్నారట. “శుక్రవారం నుంచి మావాడు పలకట్లేదమ్మా, అక్కడ ఎవర్నడగాలో తెలీట్లేదు, నువ్వు కాస్త కనుక్కో తల్లీ” అని. చిరునామా తీసుకుని సాయంత్రం నెట్‌లో చెప్పాను. సిడ్నీలో ఉన్న ఒక హామ్, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, అది తన ఇంటి నుంచి కొన్ని వీధుల అవతలేనని చెప్పి నడిచి వెళ్లాడు. చీకటి ఇంట్లో ఐదుగురు కుర్రాళ్లు ఉన్నారు. చార్జింగు లేదు, సిగ్నల్ లేదు, బ్రెడ్డు తిని కూర్చున్నారు. ఆయన ఐదుగురి పేర్లూ, వాళ్ల ఇళ్ల ఫోన్ నంబర్లూ ఒక్కో అక్షరం విడదీసి నాకు చదివి వినిపించాడు. తెనాలికి, ఖమ్మానికి, రాజమండ్రికి ఫోన్లు చేసి “మీవాడు క్షేమం” అని చెప్పడం నా వంతు అయింది. ఆ తల్లి అవతల ఏడుస్తూ ఉంటే నేను మాటలు వెతుక్కున్నాను.

మా ఇంట్లో ఆ పని కొత్త కాదు. మా నాన్న రేపల్లెలో టెలిగ్రాఫిస్టు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు తీగలన్నీ తెగిపోయాయి. కృష్ణకు ఆవలి ఒడ్డున దివిసీమలో ఏం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. అధికారిక లెక్కల్లోనే పోయినవాళ్లు పదివేల మంది. అవనిగడ్డ, నాగాయలంక వైపు చుట్టాలున్నవాళ్లు మా నాన్న చుట్టూ చేరి పేర్లు రాసి ఇచ్చేవాళ్లు. నాన్న వాటిని నోటుపుస్తకంలో ఎక్కించుకుని, లైను బాగయ్యాక ఒక్కో పేరు పట్టుకుని వాకబు చేశాడు. నాకు మోర్సు కోడ్ నేర్పింది కూడా ఆయనే. హైదరాబాదులో కాలేజీ చదువుతూ సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో పాఠాలు విని లైసెన్సు తెచ్చుకున్నాను.

ఆ సంస్థ మన హైదరాబాదులో 1983లో పుట్టింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో కొందరు హామ్‌లు అండమాన్ దీవుల నుంచి ప్రపంచంతో మాట్లాడే సరదా కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. చాలా ఏళ్ల తర్వాత అక్కడ హామ్‌లకు అనుమతి దొరికిన సందర్భం అది. డిసెంబరు 26 పొద్దున భూకంపం, సునామీ వచ్చాయి. దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఫోన్లు తెగిపోయినప్పుడు, సరదాగా పెట్టుకున్న ఆ సెట్ల మీదుగానే మనుషుల క్షేమ సమాచారాలు వెళ్లాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. తెలుగు నేల మీద పుట్టిన సంస్థ ఇంత పని చేసి చూపిన వ్యాపకం గురించి మన ఇంజినీరింగ్ పిల్లల్లో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. రావాలి, ఇంకా రావాలి. తుఫాను షెల్టర్లలో అలాంటి డిష్‌లు పెడితే నేను మొదట సంతోషిస్తాను. కానీ డిష్‌కూ కరెంటు కావాలి, ఫోనుకూ చార్జింగు కావాలి, నెల నెలా డబ్బు కట్టాలి. అన్నీ ఉన్నా, ఎవరు పలకలేదో ఏ ఉపగ్రహమూ చెప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు నగరం నడిబొడ్డున ఉన్నవాళ్లకే ఇంట్లోవాళ్లతో మాట్లాడే దారి లేకపోయింది. అది పల్లె కాదు, పోర్టులూ నేవీ ఉన్న మహానగరం.

కెనడాలోని తెలుగు సంఘాలకు ఒక మాట చెప్పాలి. ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు మనం హాలు తీసుకుని వందల మందిని పోగు చేస్తాం. వాట్సాప్ గ్రూపుల్లో వేల మంది ఉన్నారు. ఆ గ్రూపు పనిచేయని రోజున మన దగ్గర ఏముంది? ఒంటరిగా ఉండే పెద్దవాళ్లెవరు, ఈ సెప్టెంబరులోనే దిగిన పిల్లలెవరు, నెలలు నిండిన ఆడపిల్లలెవరు, ఎవరి ఇంటికి ఎవరు నడిచి వెళ్లగలరు, ఇవి కాగితం మీద ఉండాలి. ఏటా మార్చి రాయాలి. తుఫాను హెచ్చరిక రాగానే ఏ వేళకు ఎవరు ఎవరి తలుపు తట్టాలో ముందే చెప్పుకోవాలి. దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు. లైసెన్సు ఉన్నవాళ్లు ఒక్కరుంటే ఆ జాబితా ఊరు దాటి వెళుతుంది. కెనడాలో హామ్ పరీక్షలో 100 ప్రశ్నలు. 70 సరిగ్గా రాస్తే కాల్ సైన్ వస్తుంది, 80 రాస్తే దూరం వెళ్లే బ్యాండ్లన్నీ తెరుచుకుంటాయి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని కూడా అడుగుతున్నాను. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, బాపట్లలో ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి, వాటిలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్నారు. ప్రతి కాలేజీలో ఒక హామ్ స్టేషన్ పెట్టి, దాన్ని దగ్గర్లోని తుఫాను షెల్టర్లతో కలిపి, వారానికోసారి నెట్ నడిపించండి. మన దేశంలో 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా ఈ పరీక్ష రాయవచ్చు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక తీగ పెద్ద ఖర్చు కాదు. అయితే సెట్టు కొని బీరువాలో పెడితే లాభం లేదు. ప్రశాంతంగా ఉన్న వారాల్లో కూడా వాళ్లు ఒకరినొకరు పిలుచుకోవాలి, కబుర్లు చెప్పుకోవాలి, పక్కవాడి ఆరోగ్యం అడగాలి. అప్పుడే పలకని మనిషి ఎవరో తెలుస్తుంది.

అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా సాగుతుంది. మీరు హాలిఫాక్స్‌లో ఉన్నా, సిడ్నీలో ఉన్నా, షార్లట్‌టౌన్‌లో ఉన్నా, ఈ ఆదివారం ఒక గంట కేటాయించి మీ వీధిలోని తెలుగువాళ్ల పేర్లు, చిరునామాలు ఒక కాగితం మీద రాయండి. రాశాక అందులో ఒంటరిగా ఉన్నవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లి రండి.