పాట ఏ దేశానిది?

ఆమధ్య భద్రాచలంలో మా అక్కయ్య వాళ్లింట్లో టీవీ ముందు కూర్చున్నాం. ‘నాటు నాటు’ వస్తోంది. మేనకోడలు అడిగింది: ‘మామయ్యా, ఈ పాటని మన దేశమే కదా ఆస్కార్‌కి పంపింది?’

అవుననబోయి ఆగాను. నిజానికి కాదు. ఆ ఏడాది మన దేశం తరఫున అధికారికంగా వెళ్లింది ‘ఛెల్లో షో’ అనే గుజరాతీ సినిమా. ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ వాళ్లు తమంతట తామే దరఖాస్తు చేసుకున్నారు. యూరప్‌లో యూరోవిజన్‌ అని ఓ పాటల పోటీ ఉంది. 1956లో ఏడు దేశాలతో మొదలైంది. అందులో పాట వెనక జెండా ఉంటుంది. ‘ఆబా’ బృందం 1974లో స్వీడన్‌ తరఫునే గెలిచింది. ఆస్కార్‌ పాటకి అలా దేశం పేరుండదు. అయినా 2023 మార్చి 13 పొద్దున లేడీ గాగా, రిహానాల పాటల్ని దాటి మన పాట గెలిచిందని తెలియగానే, ఎవరు పంపారో ఎవరడిగారు? మిఠాయిలు పంచుకున్నాం. అంతకుముందు 2009లో గెలిచిన ‘జై హో’ బ్రిటిష్‌ సినిమాలోది. మన సినిమా పాటకి మాత్రం ఇదే మొదటిసారి.

కీరవాణి బాణీ, చంద్రబోస్‌ సాహిత్యం, రాహుల్‌ సిప్లిగంజ్‌, కాలభైరవల గొంతులు, ప్రేమ్‌రక్షిత్‌ స్టెప్పులు... ఇవన్నీ మీకు తెలిసినవే. చిత్రీకరణ మాత్రం 2021లో ఉక్రెయిన్‌ రాజధాని కీవ్‌లోని రాజభవనం ముందు. పాటంతా మన ఊరి దుమ్ము గురించి, కింద పచ్చిక మాత్రం వాళ్లది!

‘అయితే అసలు నాటు ఎక్కడుంది మామయ్యా?’ అంది పిల్ల.

ఎక్కడో ఎందుకు? ఊరు దాటితే చాలు. 2014లో చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. డోలు మోత మాత్రం ఇటూ అటూ ఒక్కటే. కోయ మగవాళ్లు అడవిదున్న కొమ్ముల్ని తలపాగాకి కట్టుకుని, పెద్ద డోళ్లు భుజాన వేసుకుని కొమ్ము నృత్యం చేస్తారు. ఆడవాళ్లు చేతులు పట్టుకుని వలయంగా అడుగులు వేస్తారు. అక్కడ ప్రేక్షకులంటూ వేరే ఉండరు. చూడ్డానికి వెళ్లినవాళ్లనీ లాగేస్తారు. నేనూ వేశాను రెండడుగులు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

బొగ్గు గనుల మణుగూరు పక్కన కూనవరం అని మరో ఊరుంది. చింతూరు దగ్గరి కూనవరం కాదు. సకిని రామచంద్రయ్య అక్కడివారే. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథనీ, కోయ వంశాల చరిత్రనీ అటు కోయ భాషలో, ఇటు తెలుగులో పాడేవారు. చదువుకున్నవారు కాదు. కథంతా నోటికే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడే మనలో చాలామందికి ఆయన పేరు తెలిసింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆస్కార్‌ పాటని ఎప్పుడు కావాలన్నా ఫోన్లో పెట్టుకోవచ్చు. ఆయన కథలు తర్వాతి తరం నోటికి రాకపోతే ఎక్కడ వెతుక్కోవాలి?

ఇదంతా చెబుతుంటే మేనకోడలు టీవీ కట్టేసింది. ‘ఆ కొమ్ముల డాన్సు ఎప్పుడుంటుంది?’ అంది.

ఎండాకాలం మొదట్లో, విత్తనాలకి ముందు భూమి పండగ చేస్తారు. ఈసారి రాముడి దర్శనానికి వెళితే గుడి దగ్గర్నుంచే వెనక్కి తిరిగిపోకండి. పండగ ఏ ఊళ్లో ఉందో కనుక్కుని, పెద్దల్ని అడిగి, పిల్లల్ని తీసుకెళ్లండి. చెప్పులు మాత్రం దూరంగా విడవండి.