చిత్రకారునికి నిలువ నీడ

చిత్రకళాశాలలో పట్టము పుచ్చుకొని వెలువడిన యువకుని మన సంఘ మడుగు ప్రశ్న యొక్కటే: ఇక నీవు బ్రదుకుటెట్లు? బదులు చెప్పజాలక కుంచెను మూలబెట్టి, అన్యవృత్తులలో చేరిపోవువారు పెక్కురు. శక్తి చాలక వారు కళను విడుచుట లేదు. చదువు ముగిసిన పిదప చేయి కుదురుకొనుటకు పట్టు రెండు మూడేండ్ల కాలమున నిలువ నీడయు, పట్టెడన్నమును దొరకక విడుచుచున్నారు. ఆ స్వల్పకాలము వారిని కాపాడు బాధ్యత ప్రభుత్వముకంటె ముందుగా ఊరిదని మా యభిప్రాయము.

దామెర్ల రామారావుగారి చరిత్రము నొకసారి స్మరింతము. 1897లో జన్మించిన యీ చిత్రకారుని ప్రతిభను గుర్తించి, బొంబాయి జె. జె. కళాశాలకు పంపినవారు రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాల ప్రధానాధ్యాపకులు కూల్డ్రే దొరగారు. మన బిడ్డ చేతిలోని విద్యను పరదేశీయుడు కనుగొనవలసి వచ్చెను! శిక్షణ ముగించి రామారావుగారు స్వస్థలమునకు మరలి, తోడి యువకులను జేర్చుకొని చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925లో, ఇరువదియెనిమిదవ యేట, మశూచికమునకు బలియైరి. అయినను వరదా వెంకటరత్నముగారు మున్నగు మిత్రులు ఆ దీపము నారనీయలేదు. ఒక్కనికి సకాలమున నందిన చేయూత ఒక యూరి కెల్ల సంపదయైనది.

మరియొక నిదర్శనము మదరాసు సముద్రతీరమున నున్నది. 1966లో కె. సి. ఎస్. పణిక్కరుగారి నాయకత్వమున చిత్రకారులు, శిల్పులు చేతిపనుల నమ్మి కూడబెట్టిన సొమ్ముతో నేల కొని, చోళమండల కళాగ్రామమును నిర్మించుకొనిరి. కలసి వసించి, కలసి శ్రమించిన చోట కళ నిలుచునని ఆ గ్రామము చాటుచున్నది.

మన పట్టణములు చేయవలసినది దుష్కరము కాదు. వాడుకలేక తాళము పడియున్న యొక భవనమును బాగుచేసి, ఏటికి నలుగురైదుగురు యువతీయువకులకు వసతి, భోజనము, రంగులు సమకూర్చిన చాలును. ఎన్నిక కళాభిజ్ఞులు చేయవలెను, సిఫారసులకు తావుండరాదు. యువతులకు తగిన రక్షణ ముండవలెను. ప్రతిఫలముగా వారు వారమున కొకదినము ఊరి పిల్లలకు చిత్రలేఖనము నేర్పుదురు. ఏడాది చివర తమ చిత్రములను ప్రదర్శింతురు. అంతకుమించి కోరుట తగదు. తమ నిలువెత్తు చిత్తరువులు కావలసిన దాతలు వేరుగ వెల యిచ్చి వ్రాయించుకొందురు గాక! అన్నము పెట్టిన చేయి కుంచెను పట్టరాదు.

బడికి కప్పు లేని యూర చిత్రకారుని కిల్లేల యని కొంద రాక్షేపింతురు. బడి కప్పును వేయవలసినదే. అందు వాదము లేదు. కాని విగ్రహములకును, సన్మానములకును సొమ్ము దొరకు నూళ్లలో ఈ రెంటికి మాత్రమే కరవు వచ్చుట వింత గాదా?

పూర్వము పేదవిద్యార్థి వారములు చెప్పుకొని, దినమున కొక యింట భుజించి చదువుకొనెడివాడు. ఆ యాచారమును కులభేదము కలుషితము చేసినది. ఆ దోషమును విడిచి, గుణమును గ్రహింతము. ఎవరి బిడ్డయైనను సరే, చేతిలో విద్య యున్న చాలునని తలుపు తెరుతము. రెండేండ్లు అన్నము పెట్టిన యూరి పేరును ఆ చిత్రకారుడు జీవితాంతము మరువడు. ఏ పట్టణము ముందుగా ఈ తలుపు తెరచునో చూడ గోరుచున్నాము.