నోటిలోని దుర్మాంసము: వేరు తీయని కోత

తుంగను ఎఱుగని రైతు లేడు. మొలకను పైపైన గోసి గట్టున వేసినచో చేను నాలుగు దినములు శుభ్రముగా గనుపించును. గడ్డ భూమిలోనే యుండుటచేత తడి తగిలినంతనే తుంగ మరల మొలచును. నోటిలో పెరుగు దుర్మాంసము విషయమున మనవారు చేయుచున్నది యీ పైకోతయే యని మా యభిప్రాయము. మేము వైద్యులము కాము. పైరుల తెగుళ్ళను జూచుట మా వృత్తి. అయినను, తెగులేదో తెలియక మందు చల్లరాదను నియమము చేనికిని దేహమునకును ఒక్కటియే.

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాకకు బంధువుల యింటికి వచ్చిపోవుచుండు నొక రైతును మే మెఱుగుదుము. ఆయన యెడమబుగ్గలోపల శనగగింజంత కండ పెరిగెను. దగ్గఱనున్న యొక వైద్యుడు దానిని గోసివేసెను. ఆఱు నెలలకు మరల వచ్చెను, మరల గోసిరి. రెండుమారులును ఆ కండను పరీక్షకు పంపినవారు లేరు. దాని ప్రక్కనే యున్న విఱిగిన పంటిని గూర్చి గాని, ఆ బుగ్గలోనే నిలుపుకొను పొగాకును గూర్చి గాని యడిగినవారును లేరు. మూడవమారు పెద్దాసుపత్రిలో కండను పరీక్షించి, క్యాన్సరు కాదని తేల్చి, పంటిని సరిచేసి, పొగాకు మానుమనిరి. తరువాత నది రాలేదు. ఆయన అదృష్టవంతుడు. అది మనవారు రాచపుండనెడు క్యాన్సరే యైనచో, వ్యర్థముగా బోయిన యేడాదిని ఎవరు తెచ్చి యియ్యగలరు?

నోటిలో పెరుగునదంతయు క్యాన్సరు కాదు. క్రిందిపెదవిలోపల నీటిబుడగవలె లేచునది ఉమ్మినాళము దెబ్బతినుటచే గలుగును. చితికినను మరల నిండును. వాడిపన్ను గాని, సరిగా అమరని కట్టుడుపండ్లు గాని యొరయుచోట గట్టికండ పెరుగును. గర్భిణీస్త్రీలకు చిగురుపై ఎఱ్ఱని కండ లేచి, ప్రసవానంతరము సాధారణముగా తగ్గును. ఇవి మరల వచ్చుటకు కారణము, మూలము తొలగకుండుటయే. కాని తుడిచినను పోని తెల్లని లేక యెఱ్ఱని మచ్చ, రెండు వారములైనను మానని పుండు, గట్టిపడి నెత్తురు కారు కండ, నానాటికి నోరు తెఱచుట కష్టమగుట, మెడలో గడ్డ, వీనిలో నేది కనుపించినను ఆలస్యము తగదు. నొప్పి లేదని ధైర్యము పొందరాదు. ఆరంభమున క్యాన్సరు తఱచుగా నొప్పి పెట్టదు.

మన తెలుగునాటనే దీనికి సాక్ష్యము గలదు. ఉత్తరాంధ్ర తీరమున అనేకులు, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట యొక్క నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డచుట్ట కాల్చుదురు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి, ఆ యలవాటు అంగిలికి చేయు హానిని 1971లో పరిశోధకులు ప్రకటించిరి. పిమ్మట శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు సుమారు 36,000 మందికి దానిని మానుమని బోధించుచు వచ్చిరి. బోధించినచోట అపాయకరమైన మచ్చలు క్రొత్తగా బుట్టుట తగ్గినదని 1986లో ప్రకటింపబడినది. పొగాకే కాదు, వట్టి వక్క సైతము క్యాన్సరును గలిగించునని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో నిర్ణయించినది. గడ్డను ద్రవ్వుట యనగా నిదియే.

"మా తాత యెనుబదియేండ్లు చుట్ట గాల్చెను, ఏమైనది?" అని కొందఱందురు. పురుగు పట్టక మిగిలిన యొక్క చేనును జూపి, ఊరిలో పురుగే లేదనుట యెట్టిదో యిదియు నట్టిదే. "కత్తి తగిలిన రోగము పాకును" అని మఱికొందఱు భయపడుదురు. పరీక్షకై చిన్నముక్క తీయుటచేత రోగము ముదురదు. తీయక జాగు చేయుటచేతనే ముదురును.

కావున మా సూచన యిది. ప్రతి సంఘమును వార్షిక సర్వసభ్యసమావేశమునాడు ఒక దంతవైద్యుని రప్పించి, సభ్యుల నోళ్ళను, వారి యింటి స్త్రీల నోళ్ళను పరీక్ష చేయింపవలెను. అనుమానము గలవారిని హైదరాబాదునందు అఫ్జల్‌గంజులోని ప్రభుత్వ దంతవైద్యశాలకు గాని, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి గాని పంపవలెను. దారిఖర్చుకు లేక నిలిచిపోవు పేదసభ్యునికి సంఘము చేబదులు ఇయ్యవలెను. ఎరువులకు అప్పిచ్చు సంఘము, ఆ యెరువు చల్లు మనుష్యుని ప్రాణమునకు బస్సుకూలి యియ్యలేదా?

సభ్యులకు మా మనవి: నెలకొకమారు పగటి వెలుతురున అద్దము ముందు నోరు తెఱచి, బుగ్గలు, నాలుకక్రింద, అంగిలి చూచుకొనుడు. ఎవరు కండను గోసినను దానిని పరీక్షకు పంపుమని కోరుడు. ఆ కాగితమును పట్టాదారు పాసుపుస్తకముతోపాటు భద్రపఱచుడు. అది లేని కోత సగము పనియే.